కౌన్సిల్ లేకపోయినా నడిచే ఊరు

1880 మార్చి 12న పారిస్‌లో వెలువడిన ఒక డిక్రీ, గౌతమీ గోదావరి ఒడ్డున ఐదువేల జనాభాకు అటూ ఇటూగా ఉన్న ఒక తెలుగు ఊరికి మేయరును ఇచ్చింది. ఫ్రెంచి ఇండియాలో ఆ డిక్రీతో పది కమ్యూన్లు, అంటే ఫ్రెంచి పద్ధతి మునిసిపాలిటీలు, ఏర్పడ్డాయి. పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతాల్లో కొన్ని, బెంగాల్లో చందర్‌నగర్, మలబారు తీరాన మాహే, ఇక్కడ యానాం. నాలుగు వైపులా బ్రిటిషువాళ్ళ గోదావరి జిల్లా. ముప్పై కిలోమీటర్లలోపే కాకినాడ, అక్కడ 1866 నుంచే మునిసిపాలిటీ ఉంది. యానాం ప్రభుత్వానికి ముఖ్యపట్టణం మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల పుదుచ్చేరి. చట్టం పుట్టేది ఇంకా అవతల, సముద్రాలు దాటి.

ఇంత చిన్న ఊరికి ఇంత దూరపు చట్టం అతకదనే ఎవరైనా అనుకుంటారు. అతికింది. ఫ్రెంచి జెండా దిగిపోయాక కూడా అదే కమ్యూన్ చట్టం కింద యానాంలో ఎన్నికలు జరిగాయి. అందుకే యానాం స్థానిక పాలనను రాజకీయ చరిత్రగా కాక, మంచి వడ్రంగి చేసిన బీరువాను తలుపు తీసి లోపలి అతుకులు చూసినట్టు చూడాలనిపిస్తుంది. ఎక్కడ బిగించాడు, ఎక్కడ కొంచెం వదులు ఉంచాడు, ఎక్కడ చెక్క తక్కువరకం వాడాడు అన్నదే ఈ వ్యాసం.

ముందు పక్కింటితో పోల్చుకోవాలి. మద్రాసు ప్రభుత్వం పట్టణాల్లో మునిసిపాలిటీలు పెట్టింది ముఖ్యంగా రోడ్లు, పారిశుధ్యం, వాటికి కావలసిన పన్ను కోసం. మొదట్లో సభ్యులు దాదాపు అందరూ ప్రభుత్వం నియమించినవాళ్ళే. 1884 జిల్లా మునిసిపాలిటీల చట్టం వచ్చాక గానీ ఎన్నికైనవాళ్ళకు చెప్పుకోదగ్గ చోటు దొరకలేదు. దొరికాక కూడా ఓటు పన్ను కట్టేవాడిదే. అందుకే ఆంధ్ర పట్టణాల్లో మునిసిపాలిటీ అంటే జనానికి ముందు గుర్తొచ్చింది పన్ను. 1921లో చీరాల, పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారంటే, అది తమ మీద రుద్దిన మునిసిపాలిటీ మీద, దాని పన్ను మీద తిరుగుబాటే.

యానాంలో కథ వేరుగా మొదలైంది. ఫ్రెంచి కమ్యూన్ ఎన్నికలో ఓటుకు పన్ను రసీదు అక్కర్లేదు. వయసు వచ్చిన మగవాడైతే చాలు. పంతొమ్మిదో శతాబ్దంలో, కూలి చేసుకునే మనిషికి ఊరి కౌన్సిల్ ఎన్నికలో ఓటు ఉండటం గోదావరి జిల్లాలో మరెక్కడా కనిపించని సంగతి. ఇది మెచ్చుకోవలసిన చోటు. ఆ పక్కనే నాసిరకం చెక్క కూడా ఉంది. ఓటర్ల జాబితా ఒకటి కాదు. యూరోపియన్లకూ వాళ్ళ సంతతికీ ఒక జాబితా, భారతీయులకు మరొకటి. తర్వాత కొంతకాలం జాబితాలు మూడయ్యాయి, మళ్ళీ రెండయ్యాయి. యూరోపియన్లు బహు కొద్దిమందే ఉండే ఊళ్ళో కూడా వాళ్ళకు లెక్కకు మించిన సీట్లు దక్కేవి. ఓటు అందరికీ ఉంది, దాని బరువు మాత్రం అందరికీ ఒకటి కాదు. ఈ వంకర సరిదిద్దడానికి 1945 దాకా పట్టింది. ఆ ఏడాది జాబితాలు కలిసిపోయి ఒకటే అయింది. 1946 ఎన్నికల్లో ఆడవాళ్ళూ ఓటు వేశారు. ఫ్రెంచి ఇండియా ఎన్నికల్లో దొంగ ఓట్లు, దౌర్జన్యాలు, పెట్టెలు మార్చడాలు కూడా ఉండేవి. ముఖ్యంగా పుదుచ్చేరిలో కొన్ని దశాబ్దాలు ఎన్నికలంటే ముఠాల బలప్రదర్శనే. అమరిక బాగుంటే మనుషులు బాగుంటారన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

ఇక అమరికలోకి వద్దాం. కమ్యూన్‌లో పని ముగ్గురి మధ్య పంచి ఉంటుంది. కౌన్సిల్ కూర్చుని చర్చిస్తుంది, తీర్మానిస్తుంది. కౌన్సిల్ సభ్యుల్లోంచే వచ్చే మేయరు ఆ తీర్మానాన్ని అమలు చేస్తాడు. పైన ప్రభుత్వ ప్రతినిధి, అంటే యానాంలో అడ్మినిస్ట్రేటర్, ఆయన పైన పుదుచ్చేరి గవర్నరు, ఆ తీర్మానం చట్టానికి లోబడి ఉందో లేదో చూస్తారు. బడ్జెట్ లాంటి ముఖ్యమైన వాటికి పైవాళ్ళ ఆమోదం కావాలి. ఇంతవరకూ మామూలుగానే ఉంది. మనదేశంలో ఏ మునిసిపాలిటీని తీసుకున్నా ఇలాంటి మెట్లు కనిపిస్తాయి.

తేడా మేయరు దగ్గర ఉంది. ఫ్రెంచి పద్ధతిలో మేయరుకు రెండు పదవులు ఒకే కుర్చీలో ఉంటాయి. ఒకవైపు ఆయన ఊరివాడు, ఊరి ఆస్తికీ ఊరి ఖర్చుకీ బాధ్యుడు. సంతలో తూనికలు, వీధుల్లో రాకపోకలు, శ్మశానాలు, అంటువ్యాధులు వచ్చినప్పటి జాగ్రత్తలు ఆయన చూసుకోవాలి. ఇంకోవైపు ఆయన రాజ్యానికి కూడా ప్రతినిధే. చట్టాలను ఊళ్ళో ప్రకటించేది ఆయన. పుట్టుక, పెళ్ళి, చావు అనే మూడు ఘట్టాలను ప్రభుత్వం తరఫున రాసి ఉంచేదీ ఆయనే. ఊరివాళ్ళు ఎన్నుకున్న కౌన్సిల్లోంచి వచ్చిన మనిషి, రాజ్యం తరఫున పెన్ను పట్టుకున్నాడన్నమాట. కాకినాడ మునిసిపల్ చైర్మన్‌కు ఆ బరువు లేదు.

ఈ జోడింపును చూసి మొదట ఇది గందరగోళం అనిపిస్తుంది. కౌన్సిల్ తీర్మానాన్ని అమలు చేయాల్సిన మనిషే ప్రభుత్వానికీ జవాబు చెప్పాలంటే ఎవరి మాట వింటాడు? ఆలోచిస్తే ఇందులో ఒక తెలివి ఉంది. చిన్న ఊళ్ళో ప్రభుత్వానికి వేరే ఆఫీసు, వేరే గుమాస్తాలు, వేరే భవనం పెట్టడం దండగ. ఊరి పెద్దనే తన రిజిస్టరు గుమాస్తాగా కూడా వాడుకుంది రాజ్యం. ఖర్చు ఊరిది, నియమం రాజ్యానిది. ఊరివాడికి దక్కిన లాభం ఏమిటంటే, తన జీవితంలోని ముఖ్యమైన కాగితం కోసం జిల్లా కేంద్రానికి పరుగెత్తక్కర్లేదు. తన వీధి మనిషి దగ్గరే దొరుకుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన పనితనం ఆ రిజిస్టరులో ఉంది, కాబట్టి అక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఫ్రెంచి సివిల్ కోడ్ పుట్టుక, పెళ్ళి, మరణాల రిజిస్టర్లకు పెట్టిన నియమాలు చదువుతుంటే, వాటిని రాసినవాడు మనుషుల్ని బాగా ఎరిగినవాడని తెలుస్తుంది. పుస్తకం వాడకముందే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా న్యాయాధికారి అంకెలు వేసి, పొట్టి సంతకం చెయ్యాలి. అంటే మధ్యలో ఒక పేజీ చింపితే పట్టుబడిపోతారు. ఒక నమోదు తర్వాత ఇంకొక నమోదు వరసగా రావాలి, మధ్యలో ఖాళీ వదలకూడదు. ఖాళీ వదిలితే తర్వాత ఎవరో ఏదో ఇరికిస్తారు. పొడి అక్షరాలు రాయకూడదు. తేదీ అంకెల్లో వెయ్యకూడదు, మాటల్లో రాయాలి. 1ని 7గా దిద్దడం ఒక గీత పని, కానీ మాటల్లో రాసిన సంవత్సరాన్ని దిద్దడం అంత తేలిక కాదు. కొట్టివేతలుంటే వాటిని విడిగా గుర్తించి, అందరూ మళ్ళీ సంతకం చెయ్యాలి. రాసింది వచ్చినవాళ్ళకు చదివి వినిపించాలి. చదువు రానివాళ్ళు ఎక్కువగా ఉన్న ఊళ్ళో ఆ చివరి నియమం ఎంత విలువైందో చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ మోసం జరగకుండా చూసే జాగ్రత్తలు. వెతుక్కోవడానికి వీలుగా చేసిన ఏర్పాట్లు ఇంకా ముచ్చటగా ఉంటాయి. ఏడాది ముగిశాక రిజిస్టరు మూసి, చివర వర్ణక్రమంలో పేర్ల పట్టిక తయారు చేస్తారు. పదేళ్ళకోసారి ఆ పట్టికలన్నీ కలిపి పదేళ్ళ పట్టిక వేస్తారు. ఇరవై ఏళ్ళ కిందటి పెళ్ళి ఏ సంవత్సరంలో అయిందో గుర్తులేనివాడు రెండు పట్టికలు తిరగేస్తే చాలు, ఇరవై పుస్తకాలు తెరవనక్కర్లేదు. మన ఆఫీసుల్లో పాత రికార్డు కోసం తిరిగినవాళ్ళకు ఈ చిన్న ఏర్పాటు విలువ వెంటనే తెలుస్తుంది. ఆ రిజిస్టరుకు అంచు కూడా వదులుతారు, ఊరికే కాదు. తర్వాతి కాలంలో ఒక మనిషి పెళ్ళి జరిగితే ఆ సంగతి అతని పుట్టుక నమోదు పక్కన అంచులో రాసే పద్ధతి వచ్చింది. దాంతో ఒకే పేజీ అతని బతుకును వెంటాడుతుంది. ఎక్కడ పుట్టాడన్నది నమోదులో ఉంటుంది, ఎవర్ని చేసుకున్నాడన్నది ఆ అంచులో చేరుతుంది.

ఇక ప్రతుల సంగతి. రిజిస్టరు కనీసం రెండు ప్రతుల్లో రాయాలి. ఒకటి కమ్యూన్‌లో, ఇంకోటి కోర్టు రికార్డు గదిలో. వలసలకైతే 1776 నాటి రాజశాసనం మూడో ప్రతిని కూడా కోరింది. ఆ ప్రతి ఓడెక్కి ఫ్రాన్సుకు వెళ్ళాలి. తుపానులకు నెలవైన తూర్పు తీరంలో ఈ నియమం ఎంత ముందుచూపో చూడండి. 1839 నవంబరు తుపాను యానాం పక్కనే ఉన్న కోరంగి రేవును ఉప్పెనతో ముంచేసింది. అలాంటి నేల మీద ఒకే బీరువాలో ఒకే పుస్తకం పెట్టుకోవడం పాలన అనిపించుకోదు. ఫ్రెంచి వలసల రిజిస్టర్లు ఇవాళ దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్‌లో ఉన్న సముద్రాంతర జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. యానాం పేరుతో ఉన్నవీ వాటిలో ఉన్నాయి.

1880లోనే ఫ్రెంచి ఇండియాలో భారతీయుల పుట్టుక, పెళ్ళి, మరణాల నమోదుకు కూడా ఈ పౌర రిజిస్టరు పద్ధతిని వర్తింపజేశారు. అంటే కౌన్సిల్, రిజిస్టరు దాదాపు కవలలు. ఒకటి ఊరి గురించి మాట్లాడటానికి, మరొకటి ఊరి మనుషుల్ని గుర్తుంచుకోవడానికి. తెలుగు పేర్లను ఫ్రెంచి అక్షరాల్లో రాయడం వల్ల చిక్కులూ వచ్చాయి. కృష్ణయ్య రాతలో ఒక తీరుగా, నోటిలో ఇంకో తీరుగా ఉంటాడు. ఒకే ఇంటి అన్నదమ్ముల ఇంటిపేర్లు రెండు రకాలుగా నమోదు కావడానికి గుమాస్తా చెవి ఒక్కటే చాలు. అది రిజిస్టరు దోషం కాకపోయినా, తర్వాతి తరాలు దాని కోసం చాలా అర్జీలు పెట్టుకోవలసి వచ్చే దోషమే.

అక్కడే ఇంకో విచిత్రమైన పని కూడా జరిగేది. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ప్రకారం, కావాలనుకున్న భారతీయుడు తన కులమత ఆచార చట్టాన్ని వదులుకుని, ఫ్రెంచి సివిల్ కోడ్ కిందకు రావచ్చు. అలా వచ్చినవాళ్ళు ఇంటిపేరు ఒకటి ఎంచుకుని నమోదు చేయించుకోవాలి. ఒక వాక్యం, ఒక సంతకం, ఒక కొత్త పేరుతో మనిషి వారసత్వ హక్కులు, పెళ్ళి చట్టం, ఓటరు జాబితాలో చోటు అన్నీ మారిపోయేవి. ఈ ఏర్పాటును వాడుకున్నవాళ్ళు ఎక్కువగా పుదుచ్చేరి వైపువాళ్ళు. ఏమైనా, ఇంత పెద్ద నిర్ణయాన్ని రిజిస్టరులో ఒక నమోదుతో ముగించగలగడం ఆ పద్ధతికి తన మీద తనకున్న నమ్మకం.

ఈ రిజిస్టర్లకు అసలు పరీక్ష దేశాలు మారినప్పుడు వచ్చింది. 1956 మే 28న భారత, ఫ్రాన్సు దేశాలు సంతకం చేసిన అప్పగింత ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. ఆ ఒప్పందంలో ఎవరు ఏ దేశ పౌరుడన్నది రెండు ప్రశ్నల మీద ఆధారపడింది: ఎక్కడ పుట్టాడు, అప్పుడు ఎక్కడ ఉంటున్నాడు. ఈ భూభాగాల్లో పుట్టి ఇక్కడే ఉన్నవాళ్ళు భారతీయులయ్యారు. ఫ్రెంచి పౌరసత్వం కావాలంటే ఆరు నెలల్లో రాసి ఇవ్వాలి. ఇక్కడ పుట్టి సైగాన్ లాంటి చోట్ల ఉద్యోగాల్లో ఉండిపోయినవాళ్ళ లెక్క వేరు. ఇంత పెద్ద విషయానికి చివరికి ఆధారం ఏమిటి? చిన్న ఊళ్ళో మేయరు కార్యాలయంలో మాటల్లో రాసిన ఒక పుట్టిన తేదీ. తేదీని అంకెల్లో వెయ్యనివ్వని ఆ పాత నియమం ఎవరి భవిష్యత్తు కోసం పెట్టారో, పెట్టినవాళ్ళు కూడా ఊహించి ఉండరు.

కౌన్సిల్ సంగతికి తిరిగి వస్తే, దాని బలం 1946 తర్వాత ఎవరూ అనుకోనంతగా పెరిగింది. ఆ ఏడాది ఫ్రెంచి ఇండియాకు 44 మంది సభ్యుల ప్రతినిధి సభ వచ్చింది. అందులో యానాంకు రెండు సీట్లు. భారతదేశం స్వతంత్రమయ్యాక, 1948లో రెండు ప్రభుత్వాలూ ఒక అంగీకారానికి వచ్చాయి. ఈ భూభాగాల భవిష్యత్తు ప్రజలే తేల్చుకోవాలి, ఆ తేల్చుకునే విధానాన్ని మునిసిపల్ కౌన్సిళ్ళు ప్రతిపాదించాలి. గమనించండి, పై సభకు కాకుండా ఊరి కౌన్సిళ్ళకే ఆ పని అప్పగించారు. వీధి దీపాలు, సంత వేలంపాటలు చూసుకునే కౌన్సిల్ ఒక్కసారిగా ఏ దేశంలో ఉండాలన్న విషయంలో మాట చెప్పే స్థానానికి వచ్చింది. అందుకే 1948 అక్టోబరు మునిసిపల్ ఎన్నికలు అంత వేడిగా జరిగాయి.

1949 జూన్ 19న చందర్‌నగర్ ప్రజలు ఓటు వేసి భారత్ వైపు వెళ్ళిపోయారు. మిగిలిన చోట్ల వ్యవహారం సాగింది, నలిగింది. 1954 మార్చి 18న పుదుచ్చేరి చుట్టుపక్కల కమ్యూన్ల మేయర్లూ కౌన్సిళ్ళూ విలీనం కావాలని తీర్మానాలు చేశాయి. ఇది జనసభల్లో నినాదంగా వచ్చి ఉంటే దాని దారి వేరుగా ఉండేది. మేయరు సంతకం చేసిన తీర్మానంగా రావడంతో, పారిస్ తను పుట్టించిన సంస్థ మాటనే తను కాదనలేని ఇరుకులో పడింది. యానాంలో జూన్ 13న దడాల రాఫేల్ రమణయ్య నాయకత్వంలో కాకినాడ వైపు నుంచి వచ్చిన ఉద్యమకారులు ఊరిని స్వాధీనం చేసుకున్నారు. తర్వాత అక్టోబరు 18న కీళూరు గ్రామంలో ప్రతినిధి సభ సభ్యులు, మునిసిపల్ కౌన్సిల్ సభ్యులు కలిసి 178 మంది ఓటు వేశారు. 170 మంది విలీనానికి ఒప్పుకున్నారు, ఎనిమిది మంది కాదన్నారు. నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది. లక్షల మంది భవిష్యత్తును 178 మంది తేల్చడం న్యాయమా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ అడగవచ్చు. ఆ 178 మందిలో ఎక్కువమంది ఊరి కౌన్సిళ్ళ మనుషులు కావడం మాత్రం ఆ కమ్యూన్ చట్టానికి దక్కిన గౌరవం.

జెండా మారింది, చట్టం మారలేదు. ఇది యానాం కథలో చాలామందికి తెలియని మలుపు. 1954 తర్వాత కూడా కమ్యూన్లు, మేయర్లు, అదే డిక్రీ నియమాలు కొనసాగాయి. 1968 మునిసిపల్ ఎన్నికలు కూడా ఆ పాత అమరిక కిందే జరిగాయి. పారిస్‌లో రాసిన చట్టంతో స్వతంత్ర భారతదేశంలో మేయరు ఎన్నికయ్యాడు. దాన్ని తప్పుపట్టాలని నాకు అనిపించదు. కొత్త ప్రభుత్వం తొందరపడి ఇల్లంతా పడగొట్టకుండా, ఉన్న గోడల మధ్య కొన్నాళ్ళు కాపురం చేసింది.

ఆ తర్వాత వచ్చింది 1973 పుదుచ్చేరి మునిసిపాలిటీల చట్టం. అది 1974 జనవరి 26న అమల్లోకి వచ్చింది. గ్రామాల వైపు కమ్యూన్ పంచాయతీల చట్టం కూడా దాంతోపాటే వచ్చింది. పుదుచ్చేరి, ఉళవర్‌కరై, కారైకాల్, మాహే, యానాం ఇప్పుడు ఆ చట్టం కింద మునిసిపాలిటీలు. మిగిలినవి కమ్యూన్ పంచాయతీలు. పాత మేయరు కుర్చీని ఈ చట్టం రెండుగా చీల్చింది. రాజకీయ సగం ఓటర్లు నేరుగా ఎన్నుకునే చైర్మన్‌కు వెళ్ళింది. పరిపాలన సగం ప్రభుత్వం నియమించే కమిషనరుకు వెళ్ళింది. ఇంటి పన్ను, వృత్తి పన్ను, వ్యాపార లైసెన్సులు, భవన అనుమతులు, పారిశుధ్యం, సంత నిర్వహణ లాంటి రోజువారీ పనంతా కమిషనరు ఆఫీసు నుంచే. పుట్టుక, మరణాల నమోదు 1969 కేంద్ర చట్టం కిందకు వచ్చినా, అది కూడా మునిసిపాలిటీ కౌంటరులోనే మిగిలింది. మేయరు చేతిలోని పెన్ను కమిషనరు బల్ల మీదకు చేరింది.

కాగితం మీద ఇది మెరుగే. ఓటర్లు నేరుగా చైర్మన్‌ను ఎన్నుకోవడం పాత పద్ధతిలో లేదు. యానాంకు పది వార్డులు, వార్డుకో సభ్యుడు. 2011 లెక్కల ప్రకారం 55,626 మంది ఉన్న ఊరికి పదిమంది సభ్యులు, ఒక చైర్మన్ అంటే సభ్యుడి ఇంటి తలుపు తట్టగలిగే దూరం. కనకాలపేట, ఇసుకతిప్ప, మెట్టకూరు, ఫరంపేట వైపు మనుషులకు తమ వార్డు సభ్యుడంటే ముఖం తెలిసిన మనిషి కావాలి. చట్టం ఆ అవకాశం ఇచ్చింది.

నేను తప్పుపట్టేది ఒక్కచోట. పాత చట్టంలో ఎన్నికైనవాళ్ళు లేకుండా రిజిస్టరు నడవదు, ఎందుకంటే రాసేవాడే మేయరు. కౌన్సిల్ లేకపోతే ఊరికి పని ఆగుతుంది, పని ఆగితే ప్రభుత్వానికి కూడా నొప్పి తగులుతుంది. కొత్త చట్టం ఆ నొప్పి తీసేసింది. కమిషనరు ఉన్నాడు, కౌంటరు తెరిచి ఉంది, సర్టిఫికెట్ వస్తుంది, చెత్త బండి తిరుగుతుంది. కౌన్సిల్ లేదని ఎవరికి గుర్తొస్తుంది? గుర్తురాలేదు. 1968 తర్వాత 2006 దాకా, ముప్పై ఎనిమిదేళ్ళు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో మునిసిపల్ ఎన్నికలు జరగలేదు. పాత మేయర్లు డెబ్బైల్లోనే తప్పుకున్నాక, చైర్మన్ అనే పదవి చట్టంలోనే ఉండిపోయింది. మధ్యలో 74వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన ఆ సవరణ, కౌన్సిల్ గడువు అయిదేళ్ళని, అది తీరేలోపే ఎన్నిక జరగాలని చెప్పింది. కేంద్రపాలిత ప్రాంతాలకూ వర్తిస్తుందని చెప్పింది. పదమూడేళ్ళు గడిచాక, కోర్టుల జోక్యంతో గానీ ఎన్నిక జరగలేదు.

2006లో యానాం ఓటర్లు పదిమంది సభ్యుల్నీ ఒక చైర్మన్‌నూ ఎన్నుకున్నారు. ఐదు మునిసిపాలిటీల్లో కలిపి వార్డు సభ్యుల సీట్లు 122. వాటిలో పది యానాంవి. 2011లో వాళ్ళ గడువు తీరింది. 2021లో మళ్ళీ ఎన్నికల ప్రకటన వెలువడింది, వార్డుల రిజర్వేషన్ల వివాదం కోర్టుకెక్కింది, ఎన్నిక ఆగింది.

అయినా యానాం మునిసిపాలిటీ పని ఆపలేదు, అది మెచ్చుకోవాల్సిందే. పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలో, రెండు వేర్వేరు జిల్లాల మధ్య ఇరుక్కుని, గౌతమి వరదకూ తుపానుకూ ఎదురుగా ఉన్న ఊరికి రోడ్లు, కాలవలు, దీపాలు, మంగళవారం సంత నడుస్తున్నాయి. తెలుగులో రాసిన అర్జీ కూడా చెల్లుతుంది, ఎందుకంటే 1965 అధికార భాషల చట్టం యానాంలో తెలుగుకు చోటిచ్చింది. ఫ్రెంచి కాలపు పుట్టుక నమోదు నకలు కోసం వచ్చినవాళ్ళకు పాత పుస్తకాల్లో వెతికి ఇచ్చే పని కూడా ఉంది. ఎవరి తాత ఏ పేరుతో నమోదయ్యాడో, ఆ పేరులో ఏ అక్షరం ఫ్రెంచి గుమాస్తా చేతిలో మారిందో పోల్చి చూసి ఇవ్వాలి. పదేళ్ళ పట్టికలు వేసిన వాళ్ళకు ఆ పని చేసే ప్రతి గుమాస్తా రుణపడి ఉంటాడు. ఆ గుమాస్తాల్ని ఎవరూ పొగడరు, అందుకే ఇక్కడ పొగుడుతున్నాను.

రీజినల్ అడ్మినిస్ట్రేటర్ ఇప్పటికీ ఉన్నాడు. ఫ్రెంచి కాలపు అడ్మినిస్ట్రేటర్ కుర్చీకి వారసుడు ఆయనే, రెవెన్యూ, శాంతిభద్రతల వంటి పనుల్లో ప్రభుత్వానికి యానాంలో ముఖం. కమిషనరు కింద మునిసిపాలిటీ. ఎన్నికైన ఎమ్మెల్యే ఒకడు, పుదుచ్చేరి అసెంబ్లీలో ముప్పై మందిలో ఒకడు. 1880 అమరికలోని మూడు చేతుల్లో రెండు, పై అధికారి, అమలుచేసేవాడు, ఇంకా పనిలో ఉన్నాయి. చర్చించే చెయ్యి ఒక్కటే ఖాళీ. దానివల్ల పోయేది కాలవలూ దీపాలూ కావు. ఈ ఏడు ఏ వీధి ముందు, ఏ వీధి తర్వాత అని పదిమంది నిలబడి వాదించుకునే గది లేకుండా పోయింది. ఆ వాదన ఇప్పుడు కమిషనరు ఆఫీసు ముందు ఒక్కొక్కరి అర్జీగా, లేదా ఎమ్మెల్యే ఇంటి వరండాలో విన్నపంగా జరుగుతోంది.

ఇంకో చిత్రం ఉంది. ఒప్పందం ఇచ్చిన అవకాశంతో ఫ్రెంచి పౌరులుగా మిగిలిన కుటుంబాలు పుదుచ్చేరి, కారైకాల్‌లలో ఇంకా ఉన్నాయి. 2012, 2017, 2022ల్లో ఫ్రాన్సు అధ్యక్ష ఎన్నికలకు వాళ్ళు అక్కడే ఓటు వేశారు. ఆ పదేళ్ళలో పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంలలో ఏ వార్డు సభ్యుడి ఎన్నికకూ పోలింగు పెట్టె తెరవలేదు.